పాదం ముట్టని వైద్యం

కాలు కొయ్యడం కూడా వైద్యమే. కాదనను. కుళ్ళు పైకి పాకి ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాలు తీసేసి మనిషిని దక్కించుకోవాల్సిందే. కానీ ఊరోళ్ళకు అది ఆఖరి వైద్యం. మా గూడేలకు అదే మొదటి వైద్యం. దానికి ముందు జరగాల్సిన వాటిలో ఒక్కటీ జరగదు. డబ్బుల్లేక జరగలేదంటరు కొందరు. చదువు లేకనంటరు ఇంకొందరు. అడివి, వాగులు, దూరం అని మ్యాపు చూపిస్తరు ఆఫీసర్లు. ఇవన్నీ నిజాలే. వీటికంటే ముందు ఇంకో నిజం ఉంది. అది ఏ కేసు షీటులోనూ రాయరు. మా పాదాన్ని ఎవరూ ముట్టుకోరు.

నేను మాదిగోణ్ణి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే తొవ్వల మా గూడెం. ఒక పక్క గోదారి, ఇంకో పక్క అడివి. మా నాయిన చెప్పులు కుట్టిండు, ఎండాకాలం తునికాకు కోసిండు, మిగతా రోజులు కూలికి పోయిండు. నేను హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్ని. అంటే డాక్టర్లు మనిషి రక్తనాళాల్లోకి తీగె ఎక్కించి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటా పనిచేసే గదిలో మిషను నడిపేటోణ్ణి. ఇరవై యేళ్ళుగా రోజూ చూస్తున్న పని. ఎవరో చెప్పింది విని రాయట్లేదు.

ఈ వైద్యం ఎట్లుంటదో ముందు చెప్తా. తెలియనిదాన్ని అడగలేం గదా. గజ్జల్లో గానీ మణికట్టు కాడ గానీ ధమనిలోకి సూది గుచ్చుతరు. సూదిలోంచి సన్నటి తీగె పంపుతరు. సూది తీసేసి, ఆ తీగె మీది నుంచి గొట్టం ఎక్కిస్తరు. స్వీడన్ డాక్టరు సెల్డింగర్ 1953లో లోకానికి చెప్పిన ఉపాయం ఇది. గొట్టంలోంచి మందు వదిలితే నాళాలన్నీ తెర మీద చెట్టు కొమ్మల లెక్క కనబడతయి. పూడుకుపోయిన చోట బెలూను ఉబ్బిస్తరు. అవసరమైతే స్టెంటు అనే జల్లెడ గొట్టం పెడతరు. రక్తం ఎక్కువ తాగి గడ్డ పెరిగే చోట సన్న తీగె చుట్టలో, జిగురు మందో వదిలి దారి మూస్తరు. తెరవాల్సింది తెరవాలె, మూయాల్సింది మూయాలె. నాళం మరీ పాడైతే కోసి, మనిషి కాలిలోని సిరనే తీసి పక్కదారి వేస్తరు. దాన్నే బైపాసు అంటరు.

ఈ కోట్ల మిషను దాకా రావాలంటే ముందు రెండు వేళ్ళు కావాలె. పాదం పైన ఒక నాడి ఉంటది. చీలమండ లోపలి పక్క ఒకటి, మోకాలి వెనుక ఒకటి, గజ్జల్లో ఒకటి. రెండు వేళ్ళు ఆనించి చూస్తే కొట్టుకుంటుందో లేదో తెలుస్తది. నిమిషం పని. అనుమానమైతే చేతికీ చీలమండకూ బీపీ చూడాలె. చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వచ్చిందంటే కాలికి రక్తం సరిగ్గా పోవట్లేదని లెక్క. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. పాదాన్ని చేతిలోకి తీసుకోవాలె. అదే వచ్చిన కష్టం.

మా నాయినకు 1993లో పిక్క పట్టేసుడు మొదలైంది. అప్పటికి నలభై నిండలేదు. వంద అడుగులు నడిస్తే నొప్పి, నిలబడితే తగ్గుడు, మళ్ళ నడిస్తే మళ్ళ నొప్పి. రక్తం చాలని కాలు చెప్పే మాట ఇదే. డాక్టరీ చదివే ప్రతి పిల్లగాడు చదివే లక్షణం ఇది. ఏడాదిన్నరలో నలుగురి దగ్గరికి పోయినం. ఒకాయన బల్ల అవతల నుంచే వాతం అన్నడు. ఒకాయన నరాల బలహీనత అని బలం సూదులు రాసిండు. ఇంకోచోట మా నాయిన కాలు ఎత్తి చూపించబోతే, 'దించు దించు, ఇక్కడికి కనబడుతుందిలే' అన్నరు. చెప్పులు కుట్టేటోడి కాలు గదా! నాలుగోచోటికి పోయేసరికి బొటనవేలు నల్లబడి వాసనొస్తుంది. అప్పుడు కూడా ఒకాయన పెన్నుతో పిక్క మీద గీత చూపించి 'ఇక్కడికి తియ్యాలె' అన్నడు. పెన్ను ముట్టింది, మనిషి ముట్టలే. 1995లో మోకాలి కింద కాలు తీసిన్రు. మా నాయిన కాలిని ఒక డాక్టరు రెండు చేతుల్తో పట్టుకున్నది అదే మొదటిసారి. కొయ్యడానికి పట్టుకున్నడు.

నేను వాళ్ళ పేర్లు రాయట్లే. నలుగురూ ఇంటికాడ మంచోళ్ళే కావచ్చు. నాకు కావాల్సింది ఆ అలవాటు పేరు. ఆ అలవాటుకు ఈ దేశంలో చానా పాత పేరుంది.

మా నాయిన జబ్బుకు బర్జర్ జబ్బని పేరు. 1908లో న్యూయార్క్‌లో లియో బర్జర్ అనే డాక్టరు, కోసేసిన కాళ్ళ నాళాలు పరీక్షించి దీని గురించి రాసిండు. పొగాకు తాగే వయసు మగోళ్ళ కాళ్ళూ చేతుల సన్న నాళాలను పూడ్చే జబ్బు. మన దేశంలో ఇది ఎక్కువగా బీడీ తాగే పేదోడి జబ్బు. ఇక్కడో తమాషా చూడండి. ఎండాకాలంలో భద్రాచలం అడివంతా తునికాకు మీద బతుకుతది. పొద్దు పొడవక ముందే కోయలూ మాలమాదిగలూ ఆకుకు పోతరు. యాభై ఆకులకో కట్ట. కల్లంలో లెక్క. 1971 చట్టంతో ఆకు వ్యాపారాన్ని సర్కారు తన చేతిలోకి తీసుకున్నది. అడివిలోంచి ఆకుగా పోయింది బీడీ అయి మా గూడేనికే తిరిగొస్తది. వచ్చి మా కాలు తీసుకపోతది. ఆకు మీద సర్కారుకు ఆదాయం, సేటుకు లాభం. కోసినోడికి కర్ర.

నిజం దాచను. ఈ జబ్బుకు బెలూను, స్టెంటు పెద్దగా పనిచెయ్యవు. దీనికి అసలు మందు పొగాకు పూర్తిగా మానుడే. వేలు కుళ్ళక ముందే మానితే చాలామందికి కాలు దక్కుతది. అంటే మా నాయినకు మిషను అక్కర్లేకపోవు. 'నీ కాలి నాడి ఆగిపోతుంది, బీడీ ఇయ్యాల్నే పారెయ్' అని చెప్పే ఒక మనిషి కావాల్సుండె. ఆ మాట చెప్పాలంటే నాడి చూడాలె. నాడి చూడాలంటే ముట్టాలె. మడిగట్టుకున్న వైద్యం అక్కడే ఆగిపోయింది.

షుగరుతోనో కొవ్వు పేరుకునో పూడిన నాళాల సంగతి వేరు. అక్కడ తీగె వైద్యం ఎన్నో కాళ్ళు కాపాడుతది. అసలా వైద్యం పుట్టిందే కాలు కోయించుకోనన్న ఒక ముసలవ్వ వల్ల. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో. ఆమెకు 82 యేళ్ళు. కాలివేళ్ళు కుళ్ళినయి. కాలు తియ్యాలన్నరు. ససేమిరా అన్నది. చార్లెస్ డాటర్ అనే ఎక్స్‌రే డాక్టరు ఆమె తొడ ధమనిలో ఇరుకైన చోట గొట్టాలు పంపి వెడల్పు చేసిండు. చల్లబడ్డ పాదం వెచ్చబడ్డది. కాలు దక్కింది. జ్యూరిక్‌లో గ్రుంట్‌జిగ్ గుండె నాళానికి బెలూను వేసింది 1977లో. గుండెకంటే ముందు ఈ వైద్యం పాదాన్ని పట్టుకున్నది. ఆ ముసలవ్వ వద్దంటే వైద్యం కొత్త తొవ్వ వెతికింది. మా అమ్మ 'కాలు తియ్యొద్దు సారూ' అని మొత్తుకుంటే 'నీకేం తెలుసే, వేలిముద్ర వెయ్' అన్నరు. ఇద్దరు ఆడోళ్ళు వద్దన్నరు. ఒకామె మాటనే విన్నరు.

ఇంకో రకం ఉంది. చిన్నప్పటి కీళ్ళ జ్వరంతో గుండె కవాటాలు పాడైనోళ్ళకు, గుండెలోంచి రక్తం గడ్డ జారి వచ్చి కాలి ధమనిలో ఇరుక్కుంటది. ఇది కూడా ఇరుకు ఇండ్ల జబ్బే, లేనోడి జబ్బే. కాలు ఒక్కసారే పాలిపోయి చల్లబడతది. సుమారు ఆరు గంటలు దాటితే కండ చచ్చుడు మొదలైతది. దీనికి ఫోగర్టీ అనే అమెరికా డాక్టరు 1963లోనే ఉపాయం రాసిండు. చిన్న కోత పెట్టి, కొసకు బెలూనున్న గొట్టం పంపి, గడ్డను వెనక్కి లాగుడు. నేర్చుకున్న సర్జన్ జిల్లా ఆస్పత్రిలోనే చెయ్యగలడు. మరి మాకు చెప్పేదేంది? 'హైదరాబాదు తీసుకపోండి.' భద్రాచలం నుంచి హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైనే. బస్సుకు ఏడు గంటలు. కాలుకు ఆరు గంటలు, బస్సుకు ఏడు గంటలు. ఆ చీటీ రాసేటప్పుడే కాలు పోయిందని రాసేటోడికి తెలుసు.

దానికితోడు గీతలు. 2014లో పోలవరం కోసం కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం లాంటి మండలాలను ఆంధ్రలో కలిపిన్రు. భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది. గూడెం ఒక రాష్ట్రం, దగ్గరి ఆస్పత్రి ఇంకో రాష్ట్రం. కార్డు మీద ఒక ముఖ్యమంత్రి, గేటు మీద ఇంకో ముఖ్యమంత్రి. నాళంలో అడ్డం పడితే తీగెతో తియ్యొచ్చు. ఈ అడ్డాన్ని ఏ తీగె తీస్తది?

గడ్డల సంగతి కూడా ఇంతే. మా మేనత్త బిడ్డకు పుట్టుకతోనే చెంప మీద ఎర్రమచ్చ. పెద్దమనిషైనంక అది ఉబ్బి గడ్డయింది. వేలు ఆనిస్తే దడదడ కొట్టుకునేది. ధమనులూ సిరలూ పుట్టుకలోనే చిక్కుపడి కలిసిపోతే అట్లయితది. కొట్టుకునే గడ్డ మీద నేరుగా కత్తి పెట్టొద్దనేది మొదటి పాఠం. ఒక చిన్న నర్సింగుహోంలో ఆ గడ్డ మీద వేలు పెట్టకుండానే కొవ్వు గడ్డని చెప్పి కత్తి పెట్టిన్రు. రక్తం చిమ్మి కొట్టింది. గుడ్డలు కుక్కి, కట్టు కట్టి, హైదరాబాదుకు తోలిన్రు. అదృష్టం కొద్దీ బతికింది.

2011లో ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆమెకు సరైన వైద్యం అయింది. ముందు గజ్జల నుంచి గొట్టం పంపి, మెడ ధమని దాటి చెంప దాకా పోయి, గడ్డ లోపలి చిక్కును జిగురు మందుతో మూసిన్రు. రెండో రోజు సర్జన్ కోసి తీసేసిండు. మూసినంక కోసిన్రు గనక రక్తం పోలేదు. మెదడు పొరల్లో పెరిగే కొన్ని గడ్డలకు, మెడ ధమని చీలే కాడ పెరిగే గడ్డలకు, మగపిల్లల ముక్కు వెనుక పెరిగే రక్తపు గడ్డలకు కూడా ఇట్లా ముందు మూసి తర్వాత కోసే పద్ధతి ఉంది. ప్రమాదం లేదనట్లేదు. మందు పక్క నాళంలోకి జారితే చూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు. అందుకే మా భాషలో, మాకు అర్థమయ్యేటట్టు చెప్పి సంతకం అడగాలె. ఇయ్యాల ఆ పిల్ల ఇద్దరు బిడ్డల తల్లి. కాబట్టి వైద్యం ఉందా అని నేను అడగట్లేదు. ఉంది. మా దాకా ఎందుకు రాదని అడుగుతున్న.

రావడం చేతకాక కాదు. అవసరమైనప్పుడు మా గూడేల తొవ్వ వాళ్ళకు బాగనే తెలుసు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేసిన్రు. అది అమెరికా సంస్థ పాత్, మన ఐసీఎంఆర్, రాష్ట్ర సర్కారు కలిసి నడిపిన అధ్యయనం. హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టిన్రు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపిన్రు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే. ఎన్నో దేశాలు వాడుతున్నయి. నేను దాన్ని తిట్టట్లేదు. సంతకాన్ని తిడుతున్న. లెక్కలు రాసుకోవడానికి మా పిల్లల చెయ్యి పట్టుకోవడం వచ్చింది. అదే కేన్సర్ వచ్చిన వాళ్ళ తల్లుల చెయ్యి పట్టుకొని ఆస్పత్రి మెట్లు ఎక్కించడం మాత్రం రాలేదు.

ఆరోగ్యశ్రీ ఉందిగా అంటరు. ఉంది. 2007లో మూడు జిల్లాల్లో మొదలై రాష్ట్రమంతా వచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణ దాన్ని పది లక్షలకు పెంచింది. మా మేనత్త బిడ్డను బతికించింది అదే, దండం పెడతా. కానీ ఆ పథకం లెక్క ఆపరేషన్ బల్ల కాడ మొదలైతది. బల్ల దాకా వచ్చేలోపల కాలు కుళ్ళితే? నాడి చూసినందుకు ప్యాకేజీ లేదు. బీడీ మానిపించినందుకు ప్యాకేజీ లేదు. కోసినందుకు ఉంది. పైసలు మా పేరు మీద పుడతయి, పట్నం కార్పొరేటు ఆస్పత్రుల ఖాతాలో పడతయి.

డాక్టర్లకు కులం లేదు, రోగమే చూస్తరు అనే పెద్దమనుషులకు ఒక మాట. పురుషసూక్తం శూద్రుణ్ణి పాదాల నుంచి పుట్టించింది. మమ్మల్ని ఆ పాదాల్లో కూడా ఉంచలేదు. ఈ దేశంలో దేవుడి పాదం కడుగుతరు, స్వామి పాదం మొక్కుతరు, భద్రాద్రిలో రాముడి పాదాలకు పూలు వేస్తరు. ఊరందరి పాదాలకు తోలు తొడిగినోడి పాదం మాత్రం బల్ల మీద పెట్టనియ్యరు. తెల్లకోటు తొడుక్కోగానే మూడువేల యేళ్ళ అలవాటు రాలిపోయిందని నమ్మమంటరా?

మేము అడిగేది గొప్పదేం కాదు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. అక్కడ రక్తనాళాల సర్జన్‌ను, తీగె పని తెలిసిన డాక్టరును పెట్టండి. భద్రాచలం ఆస్పత్రిలో ఫోగర్టీ గొట్టం, దాన్ని వాడే సర్జన్ పగలూ రాత్రీ ఉండాలె. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పిక్క నొప్పని వచ్చిన ప్రతి మనిషికీ కాలి నాడి చూసి, చీటీ మీద రాయాలె. చూడకుండా మందు రాస్తే జవాబు చెప్పాలె. తునికాకు కల్లాల కాడ బోనస్ లెక్కతోపాటు కాళ్ళ లెక్క కూడా చూడాలె. గోదారికి అటైనా ఇటైనా ఏ రాష్ట్రం కార్డైనా చెల్లాలె. కాలు తియ్యాలన్న ప్రతి కాగితం మీద, నాళం తెరిచే వీలు ఉందో లేదో ఇంకో డాక్టరు చూసి సంతకం పెట్టాలె.

మా పిల్లలు ఆ కాలేజీల్లో చదివి డాక్టర్లై వస్తున్నరు. వాళ్ళు ముడతరు. వాళ్ళు వచ్చిందాకా మేం కాళ్ళు ఇచ్చుకుంటా కూసోం. స్టెంటు సంగతి, ప్యాకేజీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు రెండు వేళ్ళు మా పాదం మీద పెట్టండి.