పలకరాయిని సమ్మెటతో కొట్టరు

తెల్లవారుజాము నాలుగున్నరకి మార్కాపురంలో ఏ గ్రౌండ్‌కి వెళ్లినా, గిద్దలూరు దాటి దిగువమెట్ట వైపు తారురోడ్డు ఎక్కినా కనబడేది ఒకటే. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కో, ఆర్మీ ర్యాలీకో తయారయ్యే కుర్రాళ్లు, వాళ్ల వెనకే అమ్మాయిలు, చీకట్లో పరుగెడుతుంటారు. వాళ్ల పట్టుదలకి వంక పెట్టే అర్హత ఎవరికీ లేదు. వానని నమ్ముకోలేని నేల ఇది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం చూసిచూసి ఇక్కడ ఒక తరం ముసలిదైపోయింది. అలాంటి చోట ఖాకీ చొక్కా అంటే ఇంటికి నెలనెలా తప్పకుండా పడే వాన.

నా తగాదా ఆ పరుగుతో కాదు, పరుగు వెనక పాతుకుపోయిన ఒక సిద్ధాంతంతో. ఒళ్లు హూనం కాకపోతే అది ప్రాక్టీసే కాదంటారు. వాంతి చేసుకున్నవాడే సిసలైన అభ్యర్థి అంటారు. రోజూ ఫుల్ స్పీడ్, రోజూ వంద బర్పీలు (కూర్చుని, కాళ్లు వెనక్కి చాచి, మళ్లీ లేచే కసరత్తు), ఆదివారం కూడా సెలవు లేదు, నలభై ఐదు రోజుల్లో గ్యారంటీ అంటారు. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు చెప్పేది ఇదే, ఫోన్‌లో ‘హై ఇంటెన్సిటీ’ వీడియోలు చెప్పేదీ ఇదే, అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి చెప్పేదీ ఇదే. ముగ్గురూ ఒకే మాట అంటున్నారు కాబట్టి అది నిజమనుకుంటున్నాం. అది తప్పు. డబ్బు ఖర్చుతో పోయే తప్పయినా కాదు, కాళ్లు విరిచే తప్పు.

మార్కాపురం వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పాలా? ఊరికి పేరు తెచ్చిందే పలక. పలకరాయి మీద సమ్మెట పెట్టి బలమంతా చూపిస్తే చేతికొచ్చేది రాళ్లకుప్ప. సన్నని ఉలి పొర మీద ఆనించి, దాని వెంబడే తడుతూ పోతే రాయి తనంతట తానే విచ్చుకుంటుంది. దెబ్బ ఎంత గట్టిదన్నది అక్కడ లెక్కలోకి రాదు, ఎక్కడ పడిందన్నదే లెక్క. ఒంటికీ అదే న్యాయం.

ముందు పరీక్ష ఏం అడుగుతోందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో మగవాళ్లు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు పదిన్నర నిమిషాల్లో పూర్తిచేయాలి. సివిల్ పోస్టుకి ఇది తప్పనిసరి. 100 మీటర్లు, లాంగ్ జంప్‌లలో ఏదో ఒకటి గట్టెక్కితే చాలు. మగవాళ్లకి 100 మీటర్లు 15 సెకన్లు, జంప్ 3.80 మీటర్లు. 8 నిమిషాలంటే 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకి 2 నిమిషాలు. అగ్నివీర్ ర్యాలీ ఇంకా కఠినం: 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తేనే 60 మార్కులు, అంటే రౌండుకి 82 సెకన్ల చిల్లర. కేంద్ర బలగాల జీడీ కానిస్టేబుల్‌కి మగవాళ్లు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పరుగెత్తాలి.

ఐదు నుంచి ఎనిమిది నిమిషాల పరుగులో ఒంటికి కావలసిన శక్తిలో ఎనభై శాతానికి పైగా ఊపిరి తెచ్చిచ్చే ఆక్సిజన్ మీదే నడుస్తుంది. 5 కిలోమీటర్లకైతే ఆ వాటా ఇంకా ఎక్కువ. అంటే ఈ పరీక్షల్లో ముఖ్యమైనవన్నీ దమ్ముకి పెట్టే పరీక్షలు. దమ్ము పెరిగేది ఎక్కువగా నిదానపు పరుగులో. పక్కవాడితో మాట్లాడుతూ సాగే ముప్పై నలభై నిమిషాల పరుగు గుండె ఒక్కో స్పందనకి పంపే రక్తాన్ని పెంచుతుంది, కండల్లో సన్నని రక్తనాళాలని పెంచుతుంది. అది చూడ్డానికి గొప్పగా ఉండదు, వీడియో తీస్తే ఎవరూ చూడరు. అందుకే దాన్ని అమ్మేవాళ్లు లేరు.

ఇక్కడ ఎదుటివాళ్ల వాదనలో బలమైన భాగాన్ని దాచిపెట్టను. తీవ్ర వ్యాయామం పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాటా 1996లో ప్రచురించిన ప్రయోగమే ఫోన్లలో తిరిగే ‘టబాటా’కి మూలం. 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. ఆరు వారాల్లో ఆక్సిజన్ వాడుకునే శక్తీ పెరిగింది, ఆక్సిజన్ చాలనప్పుడు పనిచేసే శక్తి 28 శాతం పెరిగింది. ఇంతవరకు అందరూ చెబుతారు. చెప్పనిది మిగతా సగం. ఆ పరీక్షలో పాల్గొన్నది వ్యాయామ విద్య చదివే, అప్పటికే క్రీడల్లో ఉన్న యువకులు. వాళ్లు తొక్కింది ల్యాబులో కదలని సైకిలు, కాబట్టి ఒంటి బరువు ఎముకల మీద పడలేదు. వారంలో ఐదు రోజుల శిక్షణలో ఒక రోజు వాళ్లు కూడా అరగంట మధ్యస్థ వేగంతోనే తొక్కారు. పక్కనే ఇంకో జట్టు రోజుకి గంట చొప్పున మధ్యస్థ వేగంతో తొక్కితే, వాళ్ల ఆక్సిజన్ శక్తి కూడా బాగా పెరిగింది. ఆ ప్రయోగాన్ని తెచ్చి, నిన్నటిదాకా పరుగే తెలియని కుర్రాడి చేత రాళ్లు తేలిన నేల మీద రోజూ గెంతించడం శాస్త్రం పేరు చెప్పుకోవడమే.

బర్పీ కథ ఇంకా విచిత్రం. 1930లలో అమెరికాలో రాయల్ బర్పీ అనే వ్యాయామ శాస్త్రవేత్త మనిషి దేహదారుఢ్యాన్ని చటుక్కున కొలవడానికి దాన్ని తయారుచేశాడు. నాలుగంటే నాలుగు సార్లు చేయించి, ముందూ వెనకా నాడి చూసేవాడు. కొలిచే టేపుని మనవాళ్లు కొట్టే బెత్తం చేశారు.

పేరున్న పరుగువీరుల దగ్గరికే వెళ్దాం. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ శిష్యుడు పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం, 1964 టోక్యోలో 800, 1500 మీటర్ల స్వర్ణాలు గెలిచాడు. రెండు నిమిషాలు కూడా పట్టని పోటీకి లిడియార్డ్ అతని చేత ముందు వారానికి వంద మైళ్ల దాకా నిలకడ పరుగు చేయించాడు. వేగం పాఠాలు చివర్లో, పోటీకి కొద్ది వారాల ముందు. మనకి వంద మైళ్లు అక్కర్లేదు, ఆ వరస చాలు. ముందు పునాది, ఆ తర్వాతే గోడ.

పునాది లేనిచోట ఏమవుతుంది? కొత్తగా పరుగు మొదలుపెట్టినవాడికి గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. ఎముకలకి, నరాల్లా కనిపించే స్నాయువులకి నెలలు పడుతుంది. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు తనలోని పాత పదార్థాన్ని తొలగించుకుంటుంది, కొత్తది ఆ తర్వాత పోసుకుంటుంది. ఆ నడుమ కొన్ని వారాలు అది మామూలుకంటే బలహీనం. సరిగ్గా ఆ రోజుల్లోనే కుర్రాడికి దమ్ము వచ్చినట్టుంటుంది, సారు స్పీడు పెంచమంటాడు. మోకాలి కింద ముందరి ఎముక లోపలి అంచున నొప్పి మొదలవుతుంది. ‘ఓర్చుకో, అలవాటవుతుంది’ అంటారు. ఓర్చుకుంటే కొందరికి ఆ నొప్పే ఎముకలో పగులవుతుంది. ఇక ఈవెంట్స్ నాటికి కట్టుతో మంచం మీద ఉంటాడు.

ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2024లో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో 10 కిలోమీటర్ల పరుగు పెడితే పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. 2025 జనవరిలో మచిలీపట్నంలో 1600 మీటర్లు పరుగెత్తిన అభ్యర్థి ఒకరు కుప్పకూలి ప్రాణం వదిలారు. ఒక్కో మరణానికి కారణాలు వేరువేరుగా ఉండొచ్చు. కానీ ‘చచ్చేదాకా పరుగెత్తు’ అన్న మాటని ఉత్సాహానికి వాడేవాళ్లు ఈ రెండు సంగతులనీ ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి. ఇక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగితే ఎముకలు, కీళ్లు దెబ్బతింటాయి. కీళ్లు పట్టేస్తున్నాయని కుర్రాడు చెబితే సాకని కొట్టిపారేయకుండా డాక్టరుకి చూపించాలి. ఎండ నలభై డిగ్రీలు దాటే ఊళ్లు మనవి, పది గంటల తర్వాత పరుగు పెట్టించడం నేరంతో సమానం. అమ్మాయిల సంగతి మరీ ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో ఆక్సిజన్ మోసే సరుకే తక్కువైనప్పుడు, ఎన్ని బర్పీలు చేయించినా దమ్ము ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ అమ్మాయికి మొదటి రోజు కావలసింది విజిల్ కాదు, హిమోగ్లోబిన్ పరీక్ష.

‘ఇవన్నీ తీరిగ్గా చేయడానికి టైమేది సార్, డేట్ ఇచ్చాక నెలన్నరే కదా’ అంటారు. 2022 నవంబరు కానిస్టేబుల్ నోటిఫికేషన్ సంగతి చూడండి. 6100 పోస్టులు. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగింది. ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబరు 30న. మధ్యలో దాదాపు రెండేళ్లు! వారానికి నాలుగు రోజులు నిదానంగా పరుగెత్తినవాడు ఆ రెండేళ్లలో కొండలా తయారయ్యేవాడు. డేట్ వచ్చాక సమ్మెట ఎత్తుదామనుకున్నవాడికి ఆ రెండేళ్లు ఉత్త ఎదురుచూపు. టైము లేక ఈ పద్ధతి పుట్టలేదు. ఈ పద్ధతిని నమ్ముకున్నందువల్లే చేతిలో ఉన్న టైము పోయింది.

‘ఆర్మీలో ఇంతకంటే రుద్దుతారు’ అన్నది ఇంకో మాట. రుద్దుతారు, నిజమే. ఎంపికయ్యాక, నెలల తరబడి, మెట్టు మెట్టుగా, మూడు పూటలా తిండి పెట్టి, పక్కన డాక్టరుని ఉంచుకుని రుద్దుతారు. రాత్రి మెస్సులో నీళ్ల సాంబారు తిని పొద్దున పరగడుపున పరుగెత్తేవాడికి ఆ పోలిక చెల్లదు. ‘మా పక్కింటి అబ్బాయి నలభై ఐదు రోజుల్లోనే కొట్టాడు’ అన్నది ఆఖరి వాదన. కొట్టి ఉంటాడు, అతని ఫొటో ఫ్లెక్సీ మీద ఉంటుంది. చిన్నప్పటి నుంచి పొలం పనులు చేసి, మేకల వెంట కొండలెక్కి అతను సంపాదించుకున్న పునాది మాత్రం ఫ్లెక్సీ మీద ఉండదు. అదే బ్యాచిలో కాలు పట్టేసి మధ్యలోనే ఇంటికెళ్లినవాళ్ల ఫొటోలూ ఉండవు.

మరి ఏం చేయాలి? చేతిలో పన్నెండు వారాలున్నాయనుకుందాం. మొదటి నాలుగు వారాలు రోజు విడిచి రోజు అరగంట, మాట్లాడగలిగే వేగంతో, వీలైతే తారు వదిలి మట్టి దారిలో పరుగెత్తండి. మిగతా రోజుల్లో నడక, వారానికి రెండుసార్లు గుంజీలు, మునివేళ్ల మీద లేవడం. తర్వాతి ఆరు వారాల్లో తీవ్రతకి రెండే రోజులు ఇవ్వండి. ఒక రోజు గమ్యం వేగంతో 400 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విరామం. ఇంకో రోజు చిన్న గట్టు మీదికి ఎనిమిది చురుకైన పరుగులు, ఒళ్లు తాజాగా ఉండగానే పది పన్నెండు జంపులు. తక్కిన పరుగులన్నీ నిదానమే, ఒక రోజు పూర్తి విశ్రాంతి. చివరి రెండు వారాలు పరుగు సగానికి తగ్గించండి. చేసిన శ్రమ ఒంటికి పట్టేది అప్పుడే. తీవ్రతని నేను వెలివేయడం లేదు, కూరలో ఉప్పంత చాలంటున్నాను.

కాబట్టి కోచింగ్‌కి ఫీజు కట్టబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు, వాళ్లని పంపే తల్లిదండ్రులు ముందు మూడు ప్రశ్నలు అడగాలి. వారంలో విశ్రాంతి రోజులు ఎన్ని? చేర్చుకునే ముందు మా పిల్లల ఆరోగ్యం, ఇదివరకటి అలవాటు అడిగి రాసుకుంటారా? పోయిన బ్యాచిలో కాళ్ల నొప్పితో మానేసినవాళ్లు ఎంతమంది? ఈ మూడింటికీ తిన్నగా జవాబు చెప్పలేని చోట ఫ్లెక్సీ మీద ఎన్ని ఫొటోలున్నా డబ్బు కట్టకండి. వెనక్కొచ్చి, రేపు పొద్దున మీ ఊరి చెరువు కట్ట మీద మాట్లాడుకుంటూ అరగంట పరుగెత్తండి.