గరికకు పట్టిన రోగం

ముంగిట పెంచుకున్న గరిక భాద్రపదం నాటికి మచ్చలు మచ్చలుగా ఎండితే, వెంటనే గుళికల మందు చల్లడం పట్టణాలలో పరిపాటి అయింది. వైద్యునిగా నాకది సమ్మతం కాదు. ఆ గరికనే వినాయకునికి అర్పిస్తాము. ముక్కు వెంట రక్తం కారినప్పుడు దాని రసమే వాడుతాము. వేరు పీల్చిన విషం ఆ రసంలోకి రాదా? ఒకప్పుడు విరివిగా వాడిన ఫోరేట్ గుళికలను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుండి పూర్తిగా నిషేధించారు.

చికిత్సకు ముందు నిదానం తెలియాలి. ఎండిన చోట అడుగు మేర పచ్చికను లాగి చూడండి. అది చాపలా లేచి వచ్చి, కింద కొడవలిలా వంగిన తెల్లని పురుగులు కనిపిస్తే, అవి వేరుపురుగులు. కనిపించకుంటే దోషం నీటిదో, నేలదో కావచ్చు.

తొలకరి వానలకు నేల నుండి వెడలిన పెంకు పురుగులు మునిమాపున వేప, రేగు, మునగ చెట్లపై చేరి ఆకులు తింటాయి. తిరిగి మట్టిలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్ల నుండి పుట్టినవే ఈ వేరుపురుగులు. వేపాకునే ఇష్టంగా తినే జాతి ఇది! వేపాకు కషాయం చల్లి నిశ్చింతగా ఉండరాదు.

నిదానాన్ని తొలగించడమే ఉత్తమ చికిత్స. తొలకరి రాత్రులలో కొమ్మలు కుదిపి, రాలిన పెంకు పురుగులను ఏరి సబ్బు నీటిలో వేయండి. పచ్చికలో మిగిలిన వేరుపురుగులను తవ్వి పైకి తీస్తే కాకులు, గోరువంకలు తింటాయి. ఇప్పటికే మందు చల్లి ఉంటే, ఆ గరికను మాత్రం ఔషధానికి కోయకండి.