కొండ సైకిలు కొనబోతూ

ఈ బ్లాగులో టపా వ్రాసి చాలా కాలమయింది. కారణం సోమరితనం కాదు, కుడి మణికట్టు. గత వానాకాలంలో కొత్తపేటలో మా వీధి మలుపు దగ్గర, గొట్టాల కోసం త్రవ్వి పైన కంకర పోసి వదిలేసిన చోట, నా పాత అట్లాస్ సైకిలు ముందు చక్రం ప్రక్కకు జారింది. ఆరు వారాలు సిమెంటు కట్టుతో ఉన్నాను. ఒంటి చేత్తో, అదీ ఎడమచేత్తో, లేఖినిలో ఒత్తులూ దీర్ఘాలూ కొట్టడం ఎంత ప్రయాసో ఈ బ్లాగుకు వచ్చే మిత్రులకు విడమరచి చెప్పనక్కరలేదు. సంధులూ సమాసాలూ చెప్పుకొనే చోట సైకిళ్ళ గోల ఏమిటని అడుగుతారేమో. అడగండి. నాకు ఆరు నెలలుగా వేరే ఆలోచన లేదు.

ఆ పడిన నాడే మా అమ్మాయి అట్లాస్‌కు తాళం వేసి తాళంచెవి తన దగ్గర పెట్టుకున్నది. "నాన్నా, ఈ వయస్సులో ఇక చాలు" అన్నది. వైద్యుడి మాట మరొకటి. రక్తంలో చక్కెర అదుపులో ఉండాలంటే రోజూ ఒళ్ళు కదలాలట. నడుద్దామంటే ఎడమ మోకాలు ఒప్పుకోదు. సైకిలెక్కితే మాత్రం ఆ మోకాలే కిక్కురుమనదు. అంటే నా విషయంలో సైకిలు వినోదం కాదు. అమ్మాయి చివరికి ఒక షరతు మీద మెత్తబడింది: కంకర మీద జారని బండి అయితే సరే.

ఆ బండి మా మనవడి భాషలో మౌంటెన్ బైకు. పర్వత ద్విచక్రిక అన్నాను, విరగబడి నవ్వాడు. కొండ సైకిలు అన్నాను, ఒప్పుకున్నాడు. సైకిలు అనే మాట మనదైపోయి వందేళ్ళు దాటి ఉంటుంది. దానిని వెళ్ళగొట్టడానికి నేనెవరిని?

ఈ ఊళ్ళో కొండ సైకిలు ఎందుకని దుకాణాలు తిరిగే రోజుల్లో నన్ను చాలామంది అడిగారు. ఎల్.బి.నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా, మెట్రో స్తంభాల క్రింద, రోడ్డు నున్నగానే ఉంటుంది. అక్కడినుంచి ఏ వైపుకైనా రెండు సందులు లోపలికి వెళ్ళి చూడండి. మ్యాన్‌హోలు మూతలు రోడ్డుకంటె నాలుగంగుళాలు పైకో క్రిందికో ఉంటాయి. స్పీడు బ్రేకర్లు కాలనీవాసులు స్వహస్తాలతో పోసుకున్నవి. ఏ రెండూ ఒక కొలతవి కావు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు మునిగినప్పుడు తారు లేచిపోయిన సందులను నేను చూశాను. ఇతర దేశాల వారు వీధి వేరు, అడవి బాట వేరు అనుకొని రెండింటికీ పనికివచ్చే సైకిలు కోసం వెదుకుతారు. మనకు ఆ రెండూ ఒకే సందులో ఉన్నాయి.

కనుక సన్నటి టైర్ల పరుగుపందెం సైకిలు మనకు పనికిరాదు. కొండ సైకిలే సరైనది. అయితే ఏ కొండ సైకిలు అన్నదగ్గర దుకాణాలకూ నాకూ చుక్కెదురు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పదిహేను వేల రూపాయల లోపు కొనేవారు స్ప్రింగులున్న బండి కొనకూడదు. ఆ డబ్బు టైర్లకూ, తమ ఎత్తుకు సరిపోయే చట్రానికీ పెట్టుకోవాలి.

ఈ మాట అనుభవం మీద అంటున్నాను. మూడేళ్ళ క్రితం మా మనవడు ముచ్చటపడితే ముందూ వెనుకా స్ప్రింగులున్న సైకిలు కొనిపెట్టాను. లావుపాటి గొట్టాలు, పసుపు మీద నలుపు మెరుపుల బొమ్మలు. దుకాణదారు "సార్, ఇప్పుడు పిల్లలందరూ ఇదే అడుగుతున్నారు" అన్నాడు. నిజమే కావచ్చు. వాడు పెడలు నొక్కినప్పుడల్లా సగం బలం వెనుక స్ప్రింగు మింగేసేది. చదునైన దారిలో కూడా గుర్రంలా ఎగురుతూ ఉండేది. మా వీధి చివర చెట్టు క్రింద నలభై ఏళ్ళుగా పంచర్లు వేస్తున్న మేస్త్రీకి చూపిస్తే, "ఇస్ప్రింగు మంచిగనే ఎగురుతది సారూ, ముందటికే పోదు" అన్నాడు. అంతకంటె మంచి సమీక్ష నేనింతవరకూ చదవలేదు. ఏడాదిలో వెనుక కీలు వదులై చక్రం ప్రక్కకు ఊగసాగింది. విడి భాగం దొరకలేదు. బండి సెల్లారు చేరింది. మనవడు ట్యూషనుకు ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టాడు. వాడికిప్పుడు పదిహేనేళ్ళు. పద్దెనిమిది నిండిన మరునాడు మోటారుసైకిలు అడుగుతాడు. సైకిలంటే ఆయాసం తప్ప మరేమీ కాదన్న నమ్మకం వాడికి కలిగించినది నేనే కదా అని నాకు బాధ.

నిజానికి కొండ సైకిలు పుట్టుకలోనే స్ప్రింగులు లేవు. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మౌంట్ టమాల్‌పైస్ అనే కొండ చుట్టుపక్కల కుర్రవాళ్ళు కొందరు ఎప్పుడో 1930, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్ళను, ఇంటింటికీ పత్రికలు వేసే పిల్లలు తొక్కేటటువంటివాటిని, సంపాదించి మట్టి దారుల వెంట క్రిందికి దూకించేవారు. 1976లో దానిని పందెంగా మార్చారు. వెనుక చక్రం ఇరుసులోనే ఉండే బ్రేకు ఆ వేగానికి కాగిపోయి అందులోని గ్రీజు పొగై పోయేదట; ప్రతిసారీ గ్రీజు తిరిగి దట్టించవలసి వచ్చేదట. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అని పేరు. జో బ్రీజ్, టామ్ రిచీ వంటివారు ఆ తరువాత చట్రాలు కట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ పెద్ద సంఖ్యలో తయారుచేసి అమ్మిన స్టంప్‌జంపర్‌కు కూడా ముందు ఫోర్కు గట్టిదే. కొండలు దిగినవారికే మొదట అక్కరలేని స్ప్రింగు కొత్తపేట స్పీడు బ్రేకరుకు అవసరమా?

ఖరీదైన బండికి ఉండే ఫోర్కు వేరు. అందులో గాలీ నూనే పనిచేస్తాయి, కుదుపును నెమ్మదిగా మింగి నెమ్మదిగా విడుస్తాయి. మన ధరలో వచ్చేది ఉక్కు స్ప్రింగు ఒకటి గొట్టంలో పెట్టి మూసినది. గట్టి ఫోర్కుకంటె కిలోకు పైగా బరువు. రెండు వానాకాలాలకు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. అప్పుడది గట్టి ఫోర్కే, బరువు మాత్రం తగ్గదు.

కుదుపు ఆపేది టైరు. నా అట్లాస్ టైరు వెడల్పు అంగుళంన్నర. కంకరలో దిగబడి జారింది. రెండంగుళాల టైరు అదే కంకర మీద తేలి పోతుంది. అందులో గాలి ఎంత అన్నదే అసలు కిటుకు. టైరు ప్రక్కనే హద్దులు అచ్చువేసి ఉంటాయి. ఆ హద్దుల లోపల, తారు రోడ్డుకు కొంత ఎక్కువ, మట్టి దారికి పది పౌండ్లు తక్కువ. నేను తారు మీద నలభై ఐదు, మట్టిలో ముప్పై ఐదు పెడుతున్నాను. ఈ ట్యూబులకు సాధారణంగా మోటారుసైకిలు వాల్వే ఉంటుంది గనుక ఎక్కడైనా గాలి దొరుకుతుంది. ఇక దుకాణాల్లో ముళ్ళపందిలా ఉండే టైర్లు చూసి మోసపోకండి. తారు మీద అవి బొయ్యిమని మ్రోగుతూ కాళ్ళ బలం పీల్చేస్తాయి. మధ్యలో నున్నటి గీత, అంచుల్లో గరుకు ఉన్నది మనకు సరి.

చక్రం 26 అంగుళాలా, 27న్నరా, 29ఆ అన్న చర్చ కుర్రవాళ్ళు గంటలు గంటలు చేస్తారు. 29 అనగానే అదేదో బ్రహ్మాండమనుకుంటారు. మన పాత 28 అంగుళాల సైకిలుకు టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఈ కొత్త 29కి 622. కొత్తదే చిన్నది! టైరు లావు వలన పై కొలత పెరిగింది, అంతే. నేను 26 తీసుకున్నాను. ఆ టైరూ ట్యూబూ మా మేస్త్రీ డబ్బాలో ఎప్పుడూ ఉంటాయి గనుక.

గేర్లు నాకు కావాలి, మోకాలి కోసం. మూడు ఇంటు ఏడు ఇరవై ఒకటి అంటారు గాని, సగం ఒకదానిమీద ఒకటి పడేవే. నేను వాడేవి అయిదారు. బ్రేకుల్లో డిస్కు వానలో మేలే, కాదనను. కాని రిమ్మును పట్టే బ్రేకు కట్టెలు ఏ సందులోనైనా దొరుకుతాయి, నాకవే చాలు.

చట్రం కొలత గురించి మాత్రం ఒక్క దుకాణంలోనూ ఎవరూ నన్ను అడగలేదు. నాలుగు దుకాణాలు తిరిగాను. రంగు అడిగారు, బడ్జెట్ అడిగారు, ఎత్తు అడగలేదు. చెప్పులు కొనేటప్పుడు నంబరు అడుగుతారు కదా! సైకిలుకు ఇటూ అటూ కాళ్ళు వేసి నిలబడితే అడ్డ గొట్టానికీ మనకూ నడుమ కనీసం రెండంగుళాల ఎడం ఉండాలి. సీటు మీద కూర్చొని మడమ పెడలు మీద ఆనిస్తే, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు కాలు చక్కగా చాపబడాలి. మోకాళ్ళు నొప్పులని సైకిలు మానేసిన నా వయస్సు వాళ్ళలో ఎందరు సీటు దించుకొని తొక్కారో! మా చిన్నప్పుడు పెద్దల సైకిలు అందక గొట్టాల మధ్యనుంచి కాలు దూర్చి కైంచి తొక్కేవాళ్ళం. అది పేదరికం. ఇప్పుడు డబ్బిచ్చి అదే అవస్థ కొనుక్కోవడం ఎందుకు?

అన్నట్టు, కొనే ముందు మీ అపార్టుమెంటు సెల్లారు ఒకసారి చూడండి. మా సెల్లారులో పదకొండు సైకిళ్ళున్నాయి, తొమ్మిది కదలవు. అందులో మూడో అంతస్తు వారిది, వారబ్బాయి బెంగుళూరు వెళ్ళాక దుమ్ముపట్టినది ఒకటి, సరిగ్గా మా మనవడి ఎత్తుది. గట్టి ఫోర్కు. అడిగితే "తీసుకుపోండి మాస్టారూ, అడ్డం తీరుతుంది" అన్నారు. టైర్లూ ట్యూబులూ బ్రేకు తీగలూ మార్చి, చైను కిరోసిన్‌లో కడిగి నూనె వేసి, మేస్త్రీ రెండు రోజుల్లో నిలబెట్టాడు. రెండున్నర వేలయింది. నేను కొత్తగా కొన్న దానికి పదకొండు వేలు. రెండూ కలిపినా స్ప్రింగుల బండి ఒక్కదాని ధర కాలేదు.

ఇంత చెప్పీ ఒక విషయం దాచను. ఎంత మంచి సైకిలైనా ఎల్.బి.నగర్ కూడలిలో లారీ ముందు గడ్డిపోచే. విజయవాడ రోడ్డు, ఇన్నర్ రింగ్ రోడ్డు కలిసే ఆ చోట వంతెనలు కట్టారు, క్రింది దారులు త్రవ్వారు. రెండు చక్రాల మీద తన కాళ్ళతో వచ్చేవాడికి జానెడు చోటు విడువలేదు. 2023 అక్టోబరులో నగరానికి పడమట, అవుటర్ రింగ్ రోడ్డు ప్రక్కన, సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. చక్కటి పని. అయితే అక్కడికి కొత్తపేట నుంచి సైకిలు మీద వెళ్ళడమెలా? కారు వెనుక కట్టుకొని పోవాలి! పాలు పోసేవాడూ, పనికి పోయే తాపీమేస్త్రీ తూర్పున రోజూ సైకిలు తొక్కుతున్నారు. వారికి ఫలకాల నీడ అక్కరలేదు, రోడ్డంచున తెల్లగీత ఒకటి గీసి దాన్ని కాపాడితే చాలు.

అందుకని ఆదివారాలు తెల్లవారుజామున, లారీలు పలచగా ఉన్న వేళ, తలకు హెల్మెట్లు పెట్టుకొని ఇద్దరం బయలుదేరుతున్నాం. సాగర్ రోడ్డు మీద బి.ఎన్.రెడ్డి నగర్ దాటి, తుర్కయంజాల్ దగ్గర మట్టి దారి పట్టేముందు దిగి టైర్లలో గాలి కొంచెం వదులుతాం. మొన్న చెరువు గట్టు ఎక్కేటప్పుడు మనవడు ముందుకు పోయి వెనక్కి తిరిగి, "తాతయ్యా, రెండో గేరుకు మార్చు" అని అరిచాడు. మార్చాను. అట్లాస్ తాళంచెవి మాత్రం అమ్మాయి ఇంకా ఇవ్వలేదు.