సొంత ఇంటి దారిలో రెండు అడ్డుగోడలు

పెరిగిన కుటుంబానికి పాత ఇల్లు చాలదు. హైదరాబాదు పాతబస్తీలో అరవై, డెబ్భై గజాల జాగాలో మూడు తరాలు సర్దుకుని బతుకుతున్న ఇళ్ళు కోకొల్లలు. కొడుకులకు పెళ్ళిళ్ళయి, మనుమలు బడి ఈడుకు వచ్చేసరికి ఆ ఇంటి పెద్ద మనసులో ఒకే కోరిక మెదులుతుంది. గాలీ వెలుతురూ ఉన్న కొత్త ఇల్లు, చుట్టూ నాలుగు చెట్లు వేసుకోగల జాగా, కొలువుకో కొట్టుకో రోజూ వెళ్ళి రాగల దూరం. ఇది విలాసం కాదు, గౌరవంగా బతకడంలో భాగం. అయితే ఈ కోరికతో బయలుదేరిన ముస్లిం కుటుంబానికి రెండు అడ్డుగోడలు ఎదురవుతున్నాయి. ఒకటి నిరాకరణ, రెండవది పత్రాల్లేని జాగా. మొదటి గోడే చాలాసార్లు మనల్ని రెండవదానివైపు నెడుతున్నదని గుర్తించాలి.

బేరం కుదిరాక పేరు అడిగి, "జాగా అమ్ముడుపోయింది" అనడం మన కుటుంబాలకు తెలిసిన అనుభవమే. ముస్లిమేతర ప్రాంతాల్లో ఇల్లు కొనడం, అద్దెకు తీసుకోవడం ముస్లింలకు కష్టమవుతున్నదని జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలోనే నమోదైంది. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19(1)(ఇ) అధికరణ ప్రతి పౌరుడికీ ఇచ్చింది. మతాన్ని బట్టి వివక్ష చూపరాదని 15వ అధికరణ ప్రభుత్వాన్ని కట్టడి చేసింది. కానీ ఇల్లు అమ్మే ప్రైవేటు వ్యక్తి మతం చూసి నిరాకరిస్తే నేరుగా అడ్డుకునే చట్టం మనకు లేదు. సహకార గృహనిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని ఒక మతంవారికే పరిమితం చేసుకోవడాన్ని 2005లో జొరాస్ట్రియన్ సహకార సంఘం కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. సచార్ కమిటీ సూచించిన సమాన అవకాశాల కమిషన్‌పై మాధవ మీనన్ నిపుణుల బృందం 2008లో నివేదిక ఇచ్చినా, ఆ కమిషన్ నేటికీ ఏర్పడలేదు.

మంచి లేఅవుట్‌లో తలుపు మూసుకున్నాక ఆ కుటుంబం ఎక్కడికి పోవాలి? "మనవాళ్ళే అమ్ముతున్నారు, మనవాళ్ళే కొంటున్నారు" అన్న చోటికి పోతుంది. అక్కడ ధర తక్కువ, వాయిదాలు తేలిక, చేతికి వచ్చేది మాత్రం నోటరీ కాగితం. వడ్డీకి దూరంగా ఉండాలని బ్యాంకు రుణం తీసుకోని కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. వారి నిష్ఠ గౌరవించదగినది. అయితే రుణం ఇచ్చే ముందు బ్యాంకు న్యాయవాది చేసే పత్రాల పరిశీలన కూడా వారికి లేకుండా పోతున్నది. ఆ లోటును మనమే పూడ్చుకోవాలి. లక్షలు పెట్టి కొనే ముందు కొన్ని వేలు ఇచ్చి సొంత న్యాయవాది చేత పత్రాలు చూపించుకోవడం ఖర్చు కాదు, కాపుదల.

వంద రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జీపీఏ మీద జరిగే అమ్మకం యాజమాన్య హక్కు ఇవ్వదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక లింకు దస్తావేజులు, ఈసీ చూడాలి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నదేమో చూడాలి. అసైన్డ్ భూమి, చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ భూమి ఎంత చవకైనా వద్దు. 2024లో హైడ్రా కూల్చివేతలు మొదలైనప్పుడు పత్రాలు చేతబట్టుకుని నిలబడిన కుటుంబాలను నగరమంతా చూసింది. 500 చదరపు మీటర్లు మించిన కొత్త లేఅవుట్ అయితే రెరా నమోదు అడగాలి. వక్ఫ్ భూమిని కొనడం చట్టరీత్యా చెల్లదు, ధర్మరీత్యా తగదు. ఒప్పందాన్ని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని దివ్య ఖుర్ఆన్ (2:282) ఆదేశించింది. నమ్మకం ఉన్నచోట రాత అక్కర్లేదనడం మన ధర్మం కాదు.

పాత ఇంటిని అమ్మి కొత్తది కొనేవారు మరొకటి మరువరాదు. అది తండ్రి విడిచిన ఇల్లయితే అక్కచెల్లెళ్ళ వాటా ముందు చెల్లించాలి. వారి హక్కును మింగి కట్టిన ఇల్లు ఎంత విశాలమైనా ఇరుకే.

దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటల్లో లెక్కించాలి. ఔటర్ రింగు రోడ్డు పక్కనే అని చెప్పి జాగాలు అమ్ముతారు. ఆ రహదారి ప్రధాన మార్గంపైకి ద్విచక్ర వాహనాన్ని రానివ్వరు. స్కూటరు మీద కొలువుకు పోయేవారికి ఆ పక్కతనం వల్ల ఒరిగేదేమీ లేదు. 2017లో మొదలైన మెట్రో ఎంజీబీఎస్ దాటి పాతబస్తీలోకి ఇంకా రాలేదు. కొనే ముందు ఒక పనిదినాన, ఉదయం ఎనిమిదింటికి ఆ జాగా నుంచి పనిచోటుకు వెళ్ళి చూడాలి. సాయంత్రం ఆడపిల్ల కాలేజీ నుంచి ఏ బస్సులో వస్తుందో తెలుసుకోవాలి. తాగునీరు, ఆసుపత్రి, బడి, మసీదు, ఖబరస్తాన్ ఎంత దూరమో లెక్క వేయాలి. బస్సు సౌకర్యం లేనందుకు చదువు మానిన అమ్మాయికి ఆ ఇంటి పెరడు పరిహారం కాజాలదు.

ప్రభుత్వాలను మేము కోరేది స్పష్టం. అమ్మకంలో, అద్దెలో మతం, కులం పేరిట నిరాకరణను నిషేధించే చట్టం తేవాలి. నిషేధిత భూముల జాబితాను తెలుగు, ఉర్దూ భాషల్లో ప్రతి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ప్రదర్శించాలి. మసీదు కమిటీలకూ, సంఘ సేవకులకూ ఒక విన్నపం. మీ బస్తీలోని న్యాయవాదులను, మా వంటి విశ్రాంత ఉద్యోగులను కూర్చోబెట్టి, నెలకు ఒక ఆదివారం పత్రాల పరిశీలనకు కేటాయించండి. బయానా ఇవ్వబోయే కుటుంబం ముందు అక్కడికి రావాలి. నిరాకరణ గోడను కూల్చడానికి చట్టం కావాలి, కాలం పడుతుంది. రెండవ గోడను కూల్చడం మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.