గడ్డానికి రోజూ ఐదు నిమిషాల క్లాస్

కింది పెదవికి అన్నం మెతుకు అంటుకుంటే మీకు వెంటనే తెలుస్తుంది. నాకు మాత్రం ఐదు నెలలపాటు ఎదుటివాళ్లు చెబితేగానీ తెలిసేది కాదు. పళ్లు సరిగ్గా కలవడం లేదని కింది దవడకు సర్జరీ చేయించుకున్నా. పళ్లు కలిశాయి. పెదవి, గడ్డం మొద్దుబారాయి. డెంటిస్ట్ ఇంజెక్షన్ ఇచ్చాక కాసేపు ఉండే తిమ్మిరి నెలల తరబడి వదలకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

కారణం సింపుల్. కింది దవడ ఎముక లోపల సన్నటి సొరంగం ఉంటుంది. అందులోంచి వెళ్లే నరమే పెదవి, గడ్డం స్పర్శను మెదడుకు మోసేది. దవడను జరపాలంటే ఎముకను ఆ సొరంగం పక్కనే చీల్చాలి. నరం తెగకపోయినా సాగుతుంది, నలుగుతుంది. పెదవిని కదిలించే నరం వేరు. అందుకే నవ్వగలం, మాట్లాడగలం. తాకితే మాత్రం తెలీదు.

దెబ్బతిన్న నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. వ్యాయామాలతో ఆ వేగం పెరగదు. మరి అవెందుకు? మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తా. కేబుల్ బాగవుతోంది గానీ సిగ్నల్ పాత ఫార్మాట్‌లో రావట్లేదు. చీమలు పాకినట్టు, కరెంట్ కొట్టినట్టు వస్తోంది. దాన్ని చదవడం మెదడు మళ్లీ నేర్చుకోవాలి. దీన్నే సెన్సరీ రీట్రైనింగ్ అంటారు. అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీ పరిశోధకులు దవడ సర్జరీ పేషెంట్లతో దీన్ని చేయించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. మామూలు నోటి వ్యాయామాలకు తోడుగా ఇదీ చేసినవాళ్లు తమ ఇబ్బంది తక్కువగా ఉందని చెప్పారు.

కావాల్సింది మెత్తటి మేకప్ బ్రష్, ఒక అద్దం. డాక్టర్ సరేనన్నాక రోజుకు రెండుమూడుసార్లు, ఐదేసి నిమిషాలు చేశా. ముందు స్పర్శ బాగా ఉన్న చెంప మీద, తర్వాత గడ్డం మీద బ్రష్ ఆనించాలి. ఒకసారి అద్దంలో చూస్తూ, ఇంకోసారి కళ్లు మూసుకుని. బ్రష్ ఆగి ఉందా, కదులుతోందా అన్నది మొదటి పాఠం. అడ్డంగానా, నిలువుగానా అన్నది రెండోది. ఎటునుంచి ఎటు వెళ్తోందన్నది మూడోది.

కళ్లు మూసుకున్నప్పుడు బ్రష్ మా చెల్లి చేతిలో ఉండేది. ‘అన్నయ్యా, ఇప్పుడెటు?’ అంటూ క్విజ్ పెట్టేది. మొదట్లో పదికి ఐదు కరెక్ట్. అంటే బొమ్మా బొరుసా వేసినట్టే! ఐదో నెలకి తొమ్మిదికి చేరా.

ఈలోపు జాగ్రత్తలు తప్పవు. టీ వేడి ముందు వేలితో చూడండి. షేవింగ్ అద్దం ముందే చేయండి. తినేటప్పుడు పెదవి కొరుక్కోకుండా చూసుకోండి. మంట, నొప్పి పెరుగుతుంటే సర్జన్‌ని కలవండి. అందరికీ స్పర్శ నూటికి నూరు శాతం తిరిగి రాదు. నా గడ్డానికి ఎడమవైపు రూపాయి బిళ్లంత చోటు ఇంకా నిద్రలోనే ఉంది. మొన్న హెల్మెట్ పట్టీ బిగిస్తుంటే మిగతా గడ్డానికి చల్లగా తగిలింది. బండి స్టార్ట్ చేయకుండా కాసేపు అలాగే కూర్చుండిపోయా.