ఎడ్డీ తట్టిన తలుపు



పాల్ థామస్ ఆండర్సన్ 1997లో తీసిన ‘బూగీ నైట్స్’ నీలిచిత్రాల్లో పనిచేసేవారి కథ. పిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదు, మీరు చూడాలనీ చెప్పను. పేరు, డబ్బు, మత్తు, పతనం: ఆ వరస మీకు తెలిసిందే.

నన్ను వదలనిది ఎడ్డీ ఇంటి సంగతి. 1977, లాస్ ఏంజెలెస్ దగ్గర శాన్ ఫెర్నాండో లోయ. నైట్‌క్లబ్బులో గిన్నెలు కడిగే 17 ఏళ్ల కుర్రాడు. నువ్వు దేనికీ పనికిరావని తల్లి తిడుతుంది, గోడ మీది బొమ్మలు చింపేస్తుంది. తండ్రి కలుగజేసుకోడు. కుర్రాడు ఇల్లు విడిచి, ఆ చిత్రాలు తీసే జాక్ హార్నర్ దగ్గరికి పోతాడు. అక్కడ పడక ఉంది, మెచ్చుకునే మాట ఉంది, అమ్మలా చూసుకునే ఆంబర్ ఉంది. (ఆమె సొంత కొడుకును కోర్టు ఆమెకు దక్కనివ్వదు. ఆ తీర్పు తప్పనలేను, ఆమె ఏడుపూ నటన కాదు.) సాతాను వలలో ఆదరణ కూడా ఉంటుందని మనం పిల్లలకు చెప్పం.

ఇంకొకడు బక్. ఆ పని మానుకుని స్టీరియోల కొట్టు పెట్టుకుంటానంటే, నువ్వు అలాంటి చిత్రాలవాడివని బ్యాంకు అప్పు ఇవ్వదు. వాటిని కొని చూసినవారిని మాత్రం ఏ బ్యాంకూ అడగలేదు.

అంతా పోగొట్టుకుని, దెబ్బలు తిని, ఎడ్డీ చివరికి సాయం అడిగింది కూడా జాక్ గుమ్మంలోనే. జాక్ లోపలికి రానిచ్చాడు. తప్పిపోయిన కుమారుని ఉపమానం మనకు కంఠతా వచ్చు. మన సంఘంలోంచి పట్నం పోయినవాళ్లలో ఎవరైనా అలా తిరిగొస్తే, ఆదివారం ఎవరి పక్కన చాప వేద్దాం?