చూసినవారు అడగాలి

2024 అక్టోబరులో మన జిల్లాలోనే, బద్వేలు దగ్గర, ఇంటర్ చదివే అమ్మాయికి చిన్నప్పటి నుంచి తెలిసిన యువకుడే పెట్రోలు పోసి నిప్పంటించాడని పోలీసులు చెప్పారు. ఆ బిడ్డ కడప రిమ్స్‌లో చనిపోయింది. ఆ వార్త చదివి నాకు పాత సంగతి గుర్తొచ్చింది.

చాలా ఏళ్ల క్రితం ఒక అమ్మాయి చేతి మీద కమిలిన వేళ్ల గుర్తులతో వచ్చింది. "బాత్‌రూములో జారిపడ్డాను సిస్టర్" అంది. జారిపడితే వేళ్ల గుర్తులు పడవని నాకు తెలుసు. తోడు వచ్చిన స్నేహితురాలికీ తెలుసు, తల దించుకుంది. మనకెందుకులే అని మందు రాసి పంపేశాను. అది నా తప్పు.

ఫోను గుంజుకోవడం, ఎవరితో మాట్లాడావని నిలదీయడం, కొట్టి మళ్లీ ఏడ్చి బతిమాలడం, చచ్చిపోతానని బెదిరించడం ప్రేమ కాదు. అబ్బాయిలకు ఈ మాట ఇంట్లోనే నేర్పాలి.

ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేస్తారనే భయంతో ఆడపిల్లలు నోరు విప్పరు. కనుక తల్లులారా, "నిన్ను తిట్టము, చదువు మాన్పించము" అని ముందే మాట ఇవ్వండి. స్నేహితులు, టీచర్లు, ఇరుగుపొరుగువారు గమనిస్తే ఊరుకోవద్దు. పిల్లలకైతే 1098, మహిళలకైతే 181 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇప్పుడు అలాంటి గుర్తులు కనిపిస్తే, వెంట వచ్చినవారిని బయట కూర్చోబెట్టి, మెల్లగా అడుగుతున్నాను.